నేర్పేవారికి నేర్పినవాడు – బేడెన్ పావెల్

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో పుట్టి ఖండాంతరాలకు వ్యాపించిన బాలల ఉద్యమాలలో స్కౌటు ఉద్యమం అగ్రగణ్యమైనది. మెడకు స్కార్ఫు కట్టుకొని, చేత కర్ర పట్టి నడిచే బాలుర వరుసను చూడగానే దాని స్థాపకుడైన రాబర్ట్ బేడెన్ పావెల్ స్ఫురణకు వస్తాడు. నాలుగు గోడల మధ్య చదువుకు అలవాటుపడిన పిల్లలకు అడవిని, ఆకాశాన్ని పాఠ్యగ్రంథాలుగా చూపినవాడని ఆయనకు పేరు. అయితే ఆయన జీవితంలో ఉత్తరార్ధం బాలురను గురించిన చింతతో కంటె, వారికి నేర్పే పెద్దలను గురించిన చింతతోనే ఎక్కువగా గడిచింది. ఏనాడో చదివిన పుస్తకాన్ని, ఏనాడో విన్న నియమాన్ని పట్టుకొని, అదే చాలునని నమ్మే సహృదయులైన పెద్దలతో ఏమి చేయాలన్నది ఆయనను వేధించిన ప్రశ్న.

బేడెన్ పావెల్ 1857 ఫిబ్రవరి 22న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రేఖాగణిత ఆచార్యుడు, మతాచార్యుడు కూడా. రాబర్ట్‌కు మూడేళ్ళ వయసులోనే ఆయన మరణించాడు. పెద్ద సంసారాన్ని తల్లి హెన్రియెట్టా గ్రేస్ పట్టుదలతో నడిపింది. చార్టర్‌హౌస్ పాఠశాలలో రాబర్ట్ చదువు అంతంతమాత్రమే. పాఠశాలను ఆనుకొని ఒక చిట్టడవి ఉండేది. అందులోకి వెళ్ళడం నిషిద్ధం. ఆ బాలుడు ఉపాధ్యాయుల కన్నుగప్పి అందులో దూరేవాడు. కుందేలును పట్టి, పొగ పైకి కనబడకుండా నిప్పు రాజేసి వండుకొనేవాడు. చెట్టెక్కి చప్పుడు చేయకుండా కూర్చునేవాడు. తరగతి గదిలో రాని విద్య ఆ చెట్ల నీడలో వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం దొరకలేదు. సైన్యపు పరీక్షలో మాత్రం ఉత్తమ స్థానం లభించింది. 1876లో, పంతొమ్మిదో ఏట, పదమూడవ హుస్సార్ అశ్వికదళంలో అధికారిగా చేరి మన దేశానికి, లక్నో నగరానికి వచ్చాడు. సైనికులకు జాడ తీయడం, దారి గుర్తించడం, కనిపించకుండా సంచరించడం నేర్పే పని ఆయనకు బాగా నచ్చింది. పెద్ద గుంపును ఒక్కసారిగా కదిలించే కవాతు కంటె, నలుగురైదుగురిని ఒక జట్టుగా చేసి వారి తెలివికి పని కల్పించడం మేలని అక్కడే గ్రహించాడు. 1897లో అయిదవ డ్రాగన్ గార్డుల దళానికి అధిపతిగా మీరట్ వచ్చినప్పుడు, ఈ శిక్షణ పొందిన సైనికులకు ఉత్తర దిక్కును సూచించే బాణపు మొన ఆకారం గల గుర్తునిచ్చాడు. తరువాతి కాలంలో స్కౌటు చిహ్నంగా ప్రసిద్ధమైనది ఆ ఆకారమే.

1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. మెఫెకింగ్ అనే చిన్న పట్టణాన్ని బోయర్ సేనలు ముట్టడించాయి. ఆ ముట్టడి 217 రోజులు సాగింది. రక్షణాధికారి బేడెన్ పావెల్. పోరాడగలిగిన మగవారు తక్కువగా ఉండడంతో పట్టణంలోని బాలురను ఒక దళంగా కూర్చి, వారిచేత వార్తలు మోయించడం, కాపలా కాయించడం, ఆసుపత్రిలో సాయం చేయించడం జరిగింది. ఆ దళాన్ని కూర్చినవాడు ఆయన తోటి అధికారి లార్డ్ ఎడ్వర్డ్ సెసిల్. గుండ్లు పడే వీధుల్లో సైకిళ్ళపై తిరిగిన ఆ బాలురను చూసి, బాధ్యత అప్పగిస్తే పిల్లవాడు దానికి తగినట్లు ఎదుగుతాడని బేడెన్ పావెల్ నమ్మాడు. 1900 మే 17న ముట్టడి విడిపోయింది. ఇంగ్లండు ఆయనను ఆకాశానికెత్తింది. ఆహారం పంపిణీలో నల్లజాతివారికి జరిగిన అన్యాయాన్ని ఆనాటి జయజయధ్వానాల నడుమ పట్టించుకొన్నవారు తక్కువ. దానిని విచారించి రాసినవారు తరువాతి చరిత్రకారులే.

స్వదేశానికి తిరిగి వచ్చాక ఆయనకొక ఆశ్చర్యం ఎదురైంది. సైనికుల కోసం తాను రాసిన చిన్న పుస్తకాన్ని పిల్లలకు పాఠం చెప్పేవారు వాడుకొంటున్నారు. గృహోపాధ్యాయినులకు శిక్షణనిచ్చే ఒక కళాశాలలో కూడా అది పాఠ్యంగా ఉంది. వేరొకరైతే ఈ కీర్తికి పొంగిపోయి ఊరుకొనేవారు. ఆయన మాత్రం సైనికునికి రాసినది బాలునికి సరిపోదని గుర్తించి, మళ్ళీ మొదటి నుండి రాయడానికి పూనుకొన్నాడు. రాయడానికి ముందు పరీక్షించి చూశాడు. 1907 ఆగస్టు మొదటి వారంలో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది బాలురతో శిబిరం నడిపాడు. సంపన్నుల పాఠశాలల పిల్లలు, శ్రామికుల పిల్లలు ఒకే గుడారంలో పడుకొన్నారు. తోడేలు, కాకోలం, వృషభం, కర్ల్యూ అనే నీటిపిట్ట – ఈ పేర్లతో నాలుగు జట్లు ఏర్పడ్డాయి. ప్రతి జట్టుకూ ఒక బాలుడే నాయకుడు.

1908 జనవరి నుండి 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' ఆరు భాగాలుగా వెలువడింది. అప్పటికే ఉన్న బాలసంఘాలు దానిని ఉపయోగించుకొంటాయని ఆయన ఊహ. జరిగింది వేరు. పుస్తకం కొన్న పిల్లలు తమంతట తాము జట్లు కట్టుకొన్నారు. ఆ తరువాత తమకు పెద్దదిక్కుగా ఉండేవారి కోసం ఇంటింటికీ తిరిగారు. మతాచార్యులు, బడిపంతుళ్ళు, ఉద్యోగ విరమణ చేసిన సైనికులు, దుకాణాలలో గుమాస్తాలు – పిల్లల ముఖం చూసి కాదనలేక స్కౌటు మాస్టర్లు అయినవారే చాలామంది. జీతం లేదు, శిక్షణ లేదు. చేతిలో ఉన్నది ఆ పుస్తకమొక్కటే. 1910 నాటికి బ్రిటనులో స్కౌట్ల సంఖ్య లక్ష దాటింది. ఆ ఏడే ఆయన సైన్యం నుండి విరమించి తన కాలమంతా ఈ పనికే అంకితం చేశాడు. సోదరి ఆగ్నెస్ తోడ్పాటుతో బాలికల కోసం గైడ్ ఉద్యమం ప్రారంభమైనది కూడా 1910లోనే.

ఇక్కడినుండే అసలు చిక్కు మొదలైంది. ప్రతి పెద్దమనిషీ తనకు పూర్వం నుండి తెలిసినదే స్కౌటింగ్ అనుకొన్నాడు. సైనికుడైనవాడు పిల్లలను వరుసలో నిలిపి కవాతు చేయించాడు. పంతులు నల్లబల్ల మీద ముడులు బొమ్మగీసి వివరించాడు. ఈ రెండూ స్థాపకుని అభిప్రాయానికి విరుద్ధం. విచిత్రమేమంటే, సైన్యంలో అంత పేరు గడించిన బేడెన్ పావెల్‌కే పిల్లల కవాతు గిట్టేది కాదు. అది బాలుని సొంత ఆలోచనను చంపుతుందని ఆయన పదేపదే రాశాడు. అయినా ప్రధాన కార్యాలయంలో సైనికాధికారుల ప్రాబల్యం ఎక్కువైందన్న విమర్శ తప్పలేదు. లండన్ కమిషనరుగా ఉన్న ఫ్రాన్సిస్ వేన్ ఈ విషయంలో విభేదించి 1909లో పదవి కోల్పోయాడు.

దీనికి తోడు నియమాలు నిలకడగా లేవు. 1908లో స్కౌటు నియమాలు తొమ్మిది. కొద్ది సంవత్సరాలకే మనోవాక్కాయ శుద్ధిని గురించిన పదవ నియమం చేరింది. 1916లో చిన్నపిల్లల కోసం 'వుల్ఫ్ కబ్' శాఖ ఏర్పడింది. కిప్లింగ్ రాసిన 'జంగిల్ బుక్' కథలు దానికి ఆధారం. అందుకే కబ్‌ల నాయకుని హిందీ మాటతో అకేలా అని పిలవడం ఆచారమైంది. 1918లో యువకుల కోసం రోవర్ శాఖ వచ్చింది. పరీక్షలు, పతకాలు, వయోపరిమితులు – వీటికి తరచుగా సవరణలు జరిగేవి. ఏ ఊళ్ళోనో ఒక స్కౌటు మాస్టరు 1908 నాటి ప్రతిని అట్టవేసి దాచుకొని, దానినే ప్రమాణంగా భావించి దళాన్ని నడుపుతుంటే, అతని దగ్గర నేర్చిన కుర్రవాడికి పొరుగూరి దళంలో పరీక్షకు వెళ్ళినప్పుడు గాని తన లోటు తెలియదు. ఇందులో స్కౌటు మాస్టరుకు దురుద్దేశమేమీ ఉండదు. పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం పిల్లల కోసం వచ్చేవాడు సవరణలను వెదుక్కొని చదవడానికి తీరిక ఎక్కడ? ఈ సంగతి తెలిసినవాడు కనుకనే బేడెన్ పావెల్ వారిని నిందించలేదు. 1909లో ప్రారంభమైన 'హెడ్‌క్వార్టర్స్ గెజెట్' పత్రికలో స్కౌటు మాస్టర్ల కోసమే తేలిక భాషలో వ్యాసాలు రాస్తూ వచ్చాడు. తన పుస్తకాన్ని కూడా కూర్పు వెంట కూర్పుగా సవరించాడు.

పెద్దలకు తెలియవలసినది పతకాల లెక్క మాత్రమే కాదు. 1912 ఆగస్టులో లండన్‌లోని వాల్‌వర్త్ దళానికి చెందిన బాలురు శిబిరానికి పడవలో బయలుదేరారు. షెప్పీ దీవి తీరం దగ్గర హఠాత్తుగా వీచిన పెనుగాలికి పడవ బోల్తాపడింది. తొమ్మిది మంది బాలురు మునిగిపోయారు. స్కౌటు మాస్టరు ప్రాణాలకు తెగించి ఈదుతూ పిల్లలను కాపాడడానికి ప్రయత్నించాడు. దేశమంతా దుఃఖించింది. శిబిరానికి వెళ్ళివస్తామని చెప్పి ఇల్లు వదిలిన పిల్లలు వారు. తల్లిదండ్రులు తమ బిడ్డను అప్పగించేది ఒక పుస్తకానికి కాదు, ఒక మనిషికి అన్న సత్యం ఆనాడు అందరికీ తెలిసివచ్చింది.

ప్రథమ చికిత్స విషయం చూసినా ఇంతే. పాము కరిస్తే గాయానికి పైన గట్టిగా కట్టు బిగించడం, కోసి విషాన్ని పీల్చివేయడం ఆనాటి పాఠాలలో సర్వసాధారణం. నేటి వైద్యులు ఆ రెండింటినీ వద్దంటారు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చమంటారు. నీట మునిగినవానికి ఊపిరి పోసే పద్ధతులు కూడా ఒకదాని తరువాత ఒకటి మారిపోయాయి. ఒకప్పుడు పతకం తెచ్చిపెట్టిన సమాధానమే మరొకప్పుడు ప్రాణం మీదికి తెచ్చే సలహా కావచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ సమస్యను ఇంకా జటిలం చేసింది. స్కౌటు మాస్టర్లు వేల సంఖ్యలో యుద్ధానికి వెళ్ళారు. ఎందరో తిరిగి రాలేదు. చాలాచోట్ల జట్టు నాయకులైన బాలురే దళాలను నిలబెట్టారు. యుద్ధం ముగిసేనాటికి పాతవారు తగ్గిపోయారు, కొత్తవారికి అనుభవం లేదు. ఈ దశలో విలియం డి బోయిస్ మెక్లారెన్ అనే స్కాట్లండు సంపన్నుడు ముందుకు వచ్చాడు. తూర్పు లండన్‌లోని పేద పిల్లలకు విడిదిగా ఒక స్థలం కొని ఇవ్వాలని ఆయన కోరిక. ఆ స్థలంలోనే స్కౌటు మాస్టర్లకు శిక్షణ కూడా జరగాలని బేడెన్ పావెల్ కోరిక. రెండు కోరికలూ కలిసి ఫలించినది ఎపింగ్ అరణ్యపు అంచున ఉన్న గిల్‌వెల్ పార్కులో. మెక్లారెన్ ఇచ్చిన ఏడు వేల పౌండ్లతో దానిని కొన్నారు. ఇల్లు పాడుబడి ఉంది. తోట కంపలతో నిండి ఉంది. యువకులు వచ్చి బాగుచేశారు. 1919 జూలై 26న అది ప్రారంభమైంది.

ఆ సెప్టెంబరు 8న తొలి శిక్షణ శిబిరం మొదలైంది. వచ్చినవారు 19 మంది. శిబిరాధిపతి ఫ్రాన్సిస్ గిడ్నీ. వారిలో దళాలను నడుపుతూ పేరు తెచ్చుకొన్నవారు ఉన్నారు. అక్కడికి రాగానే వారిని బాలుర మాదిరిగానే జట్లుగా విడదీశారు. ఆఫ్రికా నుండి బేడెన్ పావెల్ తెచ్చిన కూడూ అనే జింక కొమ్మును ఊదగానే నిద్ర లేవాలి. తమ వంట తాము వండుకోవాలి. తమ గుడారం తాము వేసుకోవాలి. వాన పడితే తడవాలి. నిన్నటి వరకు ఆజ్ఞలిచ్చినవాడు ఇప్పుడు తనకంటె చిన్నవాడైన జట్టు నాయకుని మాట వినాలి. ఉపన్యాసం విని ఇంటికి పోయే శిక్షణ కాదిది. కాలక్రమంలో ఈ విద్య మూడు అంచెలుగా స్థిరపడింది: పుస్తకాలు చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం మొదటిది, శిబిరంలో స్వయంగా చేసి చూడడం రెండవది, తిరిగి వెళ్ళి కొన్ని నెలలపాటు తన దళంలో ఆ పద్ధతిని అమలుచేసి, పరిశీలకులను మెప్పించడం మూడవది. మూడూ పూర్తయితేనే ఉడ్ బ్యాడ్జి లభించేది. శ్రీహర్షుని నైషధంలో నలుని విద్యావైభవాన్ని వర్ణిస్తూ అధ్యయనం, అవగాహన, ఆచరణ, ప్రచారం అనే నాలుగు దశలు చెప్పారు. మూడవది లేకుండానే మొదటిదాని నుండి నాలుగవదానికి దూకడం లోకంలో సామాన్యంగా కనిపించే దోషం. గిల్‌వెల్ ఆ దూకుడుకు అడ్డుకట్ట వేసింది.

బ్యాడ్జి అంటే తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలు. తొలి పూసలను బేడెన్ పావెల్ జులూ నాయకుడు దినిజులుకు చెందినదని చెప్పే హారం నుండి తీసి ఇచ్చాడు. ఆ హారం ఆయన చేతికి ఎలా వచ్చిందన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. పరాజితుల ఆభరణం విజేతల పతకంగా మారడంలోని వైపరీత్యాన్ని ఆనాడు ఎవరూ ఆలోచించినట్లు లేదు. 1920లో లండన్‌లోని ఒలింపియాలో జరిగిన తొలి అంతర్జాతీయ జంబోరీలో ఆయనను ప్రపంచ చీఫ్ స్కౌటుగా ప్రకటించారు. 1929లో ప్రభుత్వం ప్రభు బిరుదునిచ్చినప్పుడు తన పేరుకు జోడించుకోవడానికి ఆయన ఎంచుకొన్న స్థలనామం గిల్‌వెల్.

భారతదేశంతో ఆయన సంబంధం వేరొక కథ. 1909లో బెంగుళూరులో తొలి దళం ఏర్పడింది. అందులో ప్రవేశం ఐరోపావారి పిల్లలకు, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకు మాత్రమే. భారతీయ బాలురకు జాడ తీయడం, సంకేతాలు పంపడం నేర్పితే రాజద్రోహానికి దారితీస్తుందేమోనని ప్రభుత్వం భయపడింది. మంచి పనికి పూనుకొన్న ఉద్యమం వర్ణభేదాన్ని నియమంగా పాటించింది. ఈ దేశంవారు ఊరకే కూర్చోలేదు. 1917లో అనిబిసెంటు, జార్జి అరండేలుతో కలిసి మద్రాసులో భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని స్థాపించింది. ఉత్తరాదిన మదనమోహన మాలవ్య, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి ప్రభృతులు సేవాసమితి స్కౌటు సంఘాన్ని నిర్మించారు. 1921లో బేడెన్ పావెల్ మన దేశానికి వచ్చి భారతీయ బాలుర దళాలను స్వయంగా చూశాడు. మద్రాసు సంఘం మాతృసంస్థలో విలీనమైంది. సేవాసమితి మాత్రం తన దారిన తాను నడిచింది.

1937లో ఢిల్లీలో అఖిల భారత జంబోరీ జరిగింది. ఎనభయ్యో పుట్టినరోజు వచ్చిన ఆ ఏడు ఆయన భార్య ఓలేవుతో కలిసి దానికి హాజరయ్యాడు. అటు తరువాత భారతీయుల శీలాన్ని గురించి ఆయన చేసిన వ్యాఖ్యలు ఇక్కడివారి మనసులను తీవ్రంగా గాయపరిచాయి. ఎందరో స్కౌట్లు, స్కౌటు మాస్టర్లు మాతృసంస్థను వదిలిపెట్టారు. 1938లో హిందుస్థాన్ స్కౌటు సంఘం ఏర్పడింది. పాత పుస్తకాన్ని పక్కనపెట్టి కొత్తది చదవమని లోకంలోని స్కౌటు మాస్టర్లందరికీ బోధించిన మనిషి, పంతొమ్మిదో ఏట లక్నో సైనిక శిబిరంలో ఏర్పరచుకొన్న అభిప్రాయాలను మాత్రం అరవై ఏళ్ళ తరువాత కూడా సవరించుకోలేకపోయాడు. ఈ మధ్యకాలంలో ఈ దేశం సహాయ నిరాకరణను చూసింది, ఉప్పు సత్యాగ్రహాన్ని చూసింది. వాటిని నడిపినవారి శీలబలాన్ని ఆయన ప్రత్యక్షంగా గమనించగలిగి ఉండేవాడు.

1938లో ఆయన కెన్యా దేశంలోని న్యేరిలో స్థిరపడ్డాడు. కిటికీలో నుండి హిమం కప్పిన కొండ కనిపించే చిన్న ఇల్లు అది. జంతువుల బొమ్మలు గీస్తూ, ఉత్తరాలకు జవాబులు రాస్తూ చివరి రోజులు గడిపి 1941 జనవరి 8న మరణించాడు. సమాధి మీద ఒక వలయం, దాని మధ్య ఒక చుక్క చెక్కారు. స్కౌట్లు దారిలో వదిలే గుర్తులలో దానికి ఇంటికి వెళ్ళిపోయానని అర్థం.

స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న మన దేశంలోని వేర్వేరు సంఘాలు కలిసి భారత స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా అవతరించాయి. మరుసటి ఏడు గైడ్ల సంఘం కూడా చేరింది. ప్రతిజ్ఞలో రాజు స్థానాన్ని దేశం ఆక్రమించింది. నియమాలలో ప్రకృతి ప్రేమ, ప్రజల ఆస్తి సంరక్షణ చోటు చేసుకొన్నాయి. చాలాకాలం పది నియమాలుగా ఉన్నవాటిని కుదించి తిరిగి తొమ్మిదిగా చేశారు. పది అని కంఠస్థం చేసినవారు మళ్ళీ పుస్తకం తెరవవలసి వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడ ఉపాధ్యాయులు, ఉద్యోగులు జట్లుగా విడివడి, తమ గుడారాలు తామే వేసుకొని నేర్చుకొంటారు. మన దేశంలో ఆ ఉన్నత శిక్షణకు హిమాలయ ఉడ్ బ్యాడ్జి అని పేరు. దానిని సాధించినవారు మెడలో ధరించేది నేటికీ తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలనే.